ఎం.ఏ. సైకాలజీ చదివాను, బోర్డు మీద ఏమని రాసుకోవాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను 2018లో రెగ్యులర్‌గా ఎం.ఏ. సైకాలజీ పూర్తి చేశాను. 2019 జూన్ నుంచి ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో స్టూడెంట్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. సాయంత్రాలు ఇంటి కింద గదిలో కౌన్సెలింగ్ చేస్తాను. గది ముందు ‘సైకాలజిస్ట్’ అని బోర్డు ఉంది. ‘క్లినికల్’ అని కూడా చేర్పిస్తే జనానికి నమ్మకం కుదురుతుందని మావారు అంటున్నారు. మా ఊళ్ళో ఉన్న ఒక రిజిస్టర్డ్ క్లినికల్ సైకాలజిస్టు మాత్రం, మీలాంటివాళ్ళు ప్రాక్టీసు చేస్తే జైలుకెళ్తారని పోయిన నెల మొహం మీదే అన్నారు. అప్పట్నుంచీ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోనూ రోజూ ఇదే గొడవ. ఈ కౌన్సిళ్ళూ లైసెన్సులూ కొద్దిమంది బాగు కోసమేననీ, బ్రిటన్‌లో ఎవరైనా సైకాలజిస్టునని చెప్పుకోవచ్చనీ, మన దగ్గరా సైకాలజీకి రెగ్యులేషన్ వద్దనీ కేంద్రానికి వినతిపత్రం పెడుతున్నారు. నన్నూ సంతకం చెయ్యమంటున్నారు. చెయ్యాలా? ముప్పై మూడేళ్ళ వయసులో, నాలుగేళ్ళ పాపను పెట్టుకుని మళ్ళీ చదవాలా? కాలేజీలో ప్రిన్సిపాల్ గారు ఏ పిల్లలు నా దగ్గరికి వచ్చారో, ఏం చెప్పారో నెలనెలా రాసిమ్మంటున్నారు. అన్నట్టు, ఒక థెరపీ సెంటర్‌వాళ్ళు ఆదివారాలు వచ్చి పిల్లలకు ఐక్యూ టెస్టులు చెయ్యమంటున్నారు. రిపోర్టు మీద సంతకం, ముద్ర వేరేవారివి ఉంటాయట. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర్లో మాటవరసకు అడిగిన ఆదివారం టెస్టుల సంగతి ముందు తేల్చేద్దాం. మిగతావాటి గురించి నిదానంగా ఆలోచించుకోవచ్చు, దీనికి ఆ వ్యవధి లేదు. ఒప్పుకోకండి.

ఆ గదిలో ఏం జరుగుతుందో మీకూ నాకూ తెలుసు. ఆరేళ్ళ పిల్లవాడి ముందు సెగ్విన్ ఫార్మ్‌బోర్డు పెడతారు. వాడు నక్షత్రం ముక్క పట్టుకుని గుండ్రటి గాట్లో కుక్కుతూ ఉంటాడు, పక్కన స్టాప్‌వాచ్ నడుస్తూ ఉంటుంది. తర్వాత వీఎస్ఎంఎస్ (వయసుకు తగ్గ పనులు పిల్లవాడికి ఎంతవరకు వచ్చో చూసే స్కేలు) ప్రశ్నలు తల్లిని అడుగుతారు. తనంతట తాను అన్నం తింటాడా, చొక్కా బొత్తాలు పెట్టుకుంటాడా, మనం లేకుండా పక్కింటికి వెళ్ళొస్తాడా అని. ఆ తల్లి పరువు కోసం ఎక్కువ చేసి చెబుతోందా, సర్టిఫికెట్ రాదేమోనన్న భయంతో తక్కువ చేసి చెబుతోందా అన్నది ఎదురుగా కూర్చున్న మనిషికే తెలుస్తుంది. పిల్లవాడికి జ్వరం తగ్గి రెండు రోజులే అయిందనీ, వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు కాబట్టి ముందు చెవులు చూపించాలనీ ఆ మనిషికే అనిపిస్తుంది. సంతకం పెట్టేవారు పిల్లవాడి మొహమే చూడలేదు. కానీ ఆ కాగితం పట్టుకునే ఆ తల్లి బడికి వెళ్తుంది, సదరం క్యాంపుకు వెళ్తుంది. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటేనే పింఛను గానీ మరొకటి గానీ. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. కూలికి వెళ్ళే ఇంట్లో ఆ డబ్బు విలువ ఎంతో మీకు చెప్పక్కర్లేదు. మరోపక్క, మామూలు పిల్లవాడి మీద బుద్ధిమాంద్యం అన్న ముద్ర పడితే దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. ముద్ర వేసేవారికి రిజిస్ట్రేషన్ ఉంది కదా అనకండి. ఉన్నా అది దొంగ కాగితమే. రేపు గొడవైతే టెస్టు చేసింది మీరని ఆ ముద్రవారే ముందు చెబుతారు.

ఇక బోర్డు. ‘క్లినికల్’ అన్న మాట చేర్చకండి. మీవారికి కూడా ఈ పేరా చదివి వినిపించండి. క్లినికల్ సైకాలజిస్టులు 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కిందికి వస్తారు. మనందరం ఆర్‌సీఐ అనే మండలి అదే. గుర్తింపు ఉన్న కోర్సు చేసి, కేంద్ర రిజిస్టరులో పేరు నమోదై, సీఆర్ఆర్ నంబరు ఉన్నవారే ఆ పేరుతో ప్రాక్టీసు చెయ్యాలి. కాదని చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 13వ సెక్షన్ చెబుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని నిర్వచనం కూడా అదే దారిలో ఉంది: పీజీ మీద సూపర్విజన్‌తో రెండేళ్ళ ఎం.ఫిల్, లేదంటే ఆర్‌సీఐ గుర్తించిన మరో క్లినికల్ సైకాలజీ అర్హత.

అంతమాత్రాన ఆ పెద్దమనిషి బెదిరించినట్టు మిమ్మల్ని రేపే వచ్చి పట్టుకుపోరు. ఎం.ఏ. చదివినవారు కౌన్సెలింగ్ చెయ్యడమే నేరమని ఆ చట్టంలో లేదు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకోవడం, వారు చెయ్యాల్సిన పని చెయ్యడం తప్పు. బోర్డు మీద మీ పేరు, కింద ‘ఎం.ఏ. సైకాలజీ, కౌన్సెలర్’ అని రాయించండి. పేరు ముందు డాక్టర్ వద్దు. రోగ నిర్ధారణ కాగితాలు ఇవ్వకండి, మందుల పేర్లు నోటితో కూడా చెప్పకండి. పరీక్షల భయం, భార్యాభర్తల తగవులు, దుఃఖంలో ఉన్నవారికి తోడు, ఇలాంటి పనే మీకు ఊపిరాడనంత ఉంటుంది. చెవిలో గొంతులు వినిపిస్తున్నాయన్నా, వారం రోజులుగా నిద్రలేకుండా హుషారుగా తిరుగుతున్నా, చచ్చిపోవాలని ఉందన్నా ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఓపీ ఉంటుందో ముందే కనుక్కుని రాసిపెట్టుకోండి. టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు మీ గదిలోనే కాదు, హాస్టల్ గోడల మీదా రాయించండి.

ఇప్పుడు మీ గ్రూపులోని కోపం గురించి. అందులో చాలావరకు న్యాయమైన కోపమే. నేను ఆర్‌సీఐ రిజిస్టరులో ఉన్నదాన్నే, అయినా ఈ మాట అంటున్నాను.

మొదటి చిక్కు చట్టం పుట్టుకలోనే ఉంది. మన దేశంలో క్లినికల్ సైకాలజీ శిక్షణ మానసిక ఆసుపత్రుల్లో మొదలైంది. 1955లో బెంగళూరులో, ఇప్పుడు నిమ్హాన్స్ అంటున్న సంస్థలో మెడికల్ సైకాలజీ డిప్లొమా పెట్టారు. తర్వాత రాంచీలోనూ వచ్చింది. అంటే వార్డుల్లో, సైకియాట్రిస్టుల పక్కన నిలబడి నేర్చుకున్న విద్య. చట్టం వచ్చేసరికి మమ్మల్ని దివ్యాంగుల పునరావాస వృత్తుల జాబితాలో, ఇప్పుడు సామాజిక న్యాయ శాఖ అంటున్న శాఖ కింద చేర్చారు. ఆ పని గొప్పది కాదని నేననను. కానీ డిప్రెషన్‌కూ ఓసీడీకీ థెరపీ చేసే మనిషి వైద్యశాఖ కింద లేకపోవడం వల్ల ప్రభుత్వాసుపత్రుల్లో పోస్టుల మాట వచ్చినప్పుడల్లా మా పేరు చివర్లో కూడా ఉండదు. 2021లో వైద్య అనుబంధ వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చినప్పుడు ఇది సరిదిద్దుతారనుకున్నాం. ఆ చట్టం షెడ్యూలులో సైకాలజిస్టులు ఉన్నారు, కానీ దివ్యాంగుల కోసం ఆర్‌సీఐ కిందికి వచ్చే క్లినికల్ సైకాలజిస్టులు మినహా అని బ్రాకెట్లో పెట్టారు. ఒకే వృత్తిని రెండు శాఖలకు పంచారు. క్లినికల్‌వారు ఒక ఒడ్డున, మీరందరూ ఇంకో ఒడ్డున. ఆ రెండో ఒడ్డు కోసం పెట్టాల్సిన రాష్ట్ర కౌన్సిళ్ళ విషయంలో రాష్ట్రాలు ఏళ్ళ తరబడి జాగు చేశాయి. ఆ కొత్త చట్టం హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ డిగ్రీకి కనీసం 3,600 గంటల చదువు అంటుంది. రెండేళ్ళ ఎం.ఏ. అందులో ఇముడుతుందా అన్న భయం మీవాళ్ళకు ఉండటం సహజం.

ఎం.ఫిల్ కథ ఇంకా బాధాకరం. అసలు సీట్లే తక్కువ. ప్రైవేటు సంస్థల్లో ఫీజు లక్షల్లో ఉంటుంది, ఫుల్‌టైమ్ కోర్సు కాబట్టి ఉద్యోగం మానుకోవాలి. అంత కష్టపడి జనం అందులో చేరుతుంటే, జాతీయ విద్యా విధానం ప్రకారం ఎం.ఫిల్ డిగ్రీనే ఎత్తేస్తూ 2022 నవంబరులో యూజీసీ నిబంధనలు తెచ్చింది. 2023 డిసెంబరులో ఎం.ఫిల్‌కి గుర్తింపు లేదు, ఎవరూ చేరవద్దని నోటీసు ఇచ్చింది. గగ్గోలు పుట్టాక నెల తిరక్కుండానే, 2024 జనవరిలో, క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా మినహాయింపు అంది. ఈలోగా ఆర్‌సీఐ నాలుగేళ్ళ బీఎస్సీ ఆనర్స్, రెండేళ్ళ ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, సైడీ (క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్) కోర్సులు తెచ్చింది. పాతవారికి, మా శిక్షణను పలచన చేస్తున్నారన్న బాధ. మీలాంటివారికి, మేము చదివిన ఎం.ఏ. ఏం పాపం చేసిందన్న బాధ. పైగా 2025లో యూజీసీ, సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ చెప్పకూడదని ఆ జూలై-ఆగస్టు అడ్మిషన్ల నుంచే ఆపించింది. ప్రాక్టికల్స్ లేకుండా మనుషులతో పనిచేసే చదువు కుదరదన్నది నిజమే, నేను దాన్ని సమర్థిస్తాను. కానీ ఉద్యోగం చేసుకుంటూ ఇగ్నోలో చదువుదామనుకున్న టీచరుకి, నర్సుకి వేరే దారి చూపకుండా తలుపు వేశారు. దాన్ని సమర్థించలేను.

అవసరం చూస్తే కొండంత ఉంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు (ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు, మన లెక్కలు మనకింకా రావాలి). విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో, పిల్లల, కౌమార మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉందని చూపించగల అర్హులైన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టాలంది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి కాలేజీలు ఎన్ని ఉన్నాయో ఊహించుకోండి. మరి ఆ అర్హత ఉందని ఎవరు చెప్పాలి? క్లినికల్‌వారికి రిజిస్టరు ఉంది. కాలేజీ కౌన్సెలర్‌కి లేదు. దాంతో యాజమాన్యం ఎవరిని చూపిస్తే వారే కౌన్సెలర్. శని, ఆదివారాల హిప్నోథెరపీ సర్టిఫికెట్ ఉన్నాయన, మోటివేషన్ స్పీచ్‌లు ఇచ్చే ఆయన, కొన్నిచోట్ల పాత వార్డెన్ కూడా. మీ గ్రూపు కోరుతున్నట్టు రెగ్యులేషన్ వద్దంటే ఆ కుర్చీల్లో కూర్చునేది మీరు కాదు, వాళ్ళు.

మీ ప్రిన్సిపాల్ గారి విషయానికి వస్తాను, ఎందుకంటే రిజిస్టరు ఎందుకు కావాలో అక్కడే తెలుస్తుంది. పిల్లలు చెప్పింది రాసిమ్మంటే మీరు ఇవ్వకూడదు. తన ప్రాణానికి గానీ ఇంకొకరి ప్రాణానికి గానీ ముప్పు ఉన్నప్పుడు, పిల్లల మీద అఘాయిత్యం జరిగినప్పుడు తప్ప పేర్లు బయటికి పోకూడదు. ఆ సంగతి మీకూ తెలుసు, అందుకే ఆ వాక్యం రాశారు. కానీ ఆయన గదిలో నిలబడి ఆ మాట అనడానికి మీ దగ్గర ఏముంది? మీ ఉద్యోగం, మీ మొండితనం. అదే ఒక డాక్టరుతో, రోగి చెప్పింది చెప్పమంటే, కౌన్సిల్ రూల్స్ ఒప్పుకోవు, నా రిజిస్ట్రేషన్ పోతుంది అనేస్తారు, అంతటితో ఆ సంభాషణ అయిపోతుంది. మీకు కావలసింది ఆ వాక్యం. రెగ్యులేషన్ అంటే మన మీద కర్ర పట్టుకున్న మనిషి అని మాత్రమే మీ గ్రూపువారు చూస్తున్నారు. జీతమిచ్చేవారి నుంచి మనల్నీ, మన గదికి వచ్చిన పిల్లల్నీ కాపాడేది కూడా అదే. ఈలోగా ఆయనకు పేర్లు లేకుండా సంఖ్యలు ఇవ్వండి: ఇంతమంది వచ్చారు, చదువు ఒత్తిడి ఇంతమందికి, నిద్రలేమి ఇంతమందికి, బయటికి పంపింది ఇంతమందిని. చాలామంది యాజమాన్యాలకు అది సరిపోతుంది. సుప్రీంకోర్టు మార్గదర్శకాల కాపీ కూడా దానికి జతచేసి ఇవ్వండి. కౌన్సెలర్‌ను పెట్టుకోవడం దయ కాదని తెలిస్తే ఆయన మాట తీరు మారవచ్చు.

బ్రిటన్ గురించి మీవాళ్ళు చెప్పింది సగం నిజం. అక్కడ 2009 జూలై నుంచి ప్రభుత్వ చట్టం కింద ఒక కౌన్సిల్ సైకాలజిస్టులను నమోదు చేస్తోంది. క్లినికల్, కౌన్సెలింగ్, ఎడ్యుకేషనల్, ఫోరెన్సిక్ ఇలా కొన్ని పేర్లకు రక్షణ ఉంది, నమోదు కాకుండా అవి వాడితే నేరం. ఉత్త ‘సైకాలజిస్ట్’ అన్న పేరుకు మాత్రం లేదు. ఆ కౌన్సిల్ చాలా వృత్తులకు కలిపి పెట్టింది కాబట్టి అప్పట్లో అక్కడి సైకాలజిస్టుల సంఘం కూడా గట్టిగా అభ్యంతరం చెప్పింది. అయితే వాళ్ళు అడిగింది రెగ్యులేషన్ వద్దని కాదు, తమ వృత్తి తెలిసిన ప్రత్యేక కౌన్సిల్ కావాలని. ఆ తేడా మీ వినతిపత్రంలో లేదు.

కాబట్టి దానిమీద సంతకం చెయ్యకండి. గ్రూపులో ఇంకో కాగితం మీరే పెట్టండి. నేనైతే దానిలో ఇవి రాస్తాను. సైకాలజిస్టులందరికీ వైద్యశాఖ కింద ఒకే రిజిస్టరు ఉండాలి, అందులో క్లినికల్, కౌన్సెలింగ్, స్కూల్ సైకాలజీ అని వేర్వేరు విభాగాలు ఉండాలి. ఇప్పటికే పనిచేస్తున్న ఎం.ఏ. వారికి జీతం పోకుండా చేసుకునే బ్రిడ్జి కోర్సు, సూపర్విజన్‌తో కూడిన గంటలు కావాలి. మన రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలూ మెడికల్ కాలేజీలూ కలిసి సీట్లు పెట్టాలి. టెస్టులకు తెలుగులో ప్రామాణికాలు తయారు చెయ్యాలి. శ్రీకాకుళం పిల్లవాణ్ణీ ఆదిలాబాద్ పిల్లవాణ్ణీ ఎప్పటివో, ఎక్కడివో లెక్కలతో పోల్చి అంకె వేసే పని ఎన్నాళ్ళు చేస్తాం? ఇది కోరితే మా క్లినికల్‌వారిలో కూడా సంతకం చేసేవారు దొరుకుతారు, నాతో సహా. మిమ్మల్ని జైలు పేరుతో భయపెట్టినాయన చెయ్యకపోవచ్చు. ఆయన మాట పట్టించుకోకండి. తోటి వృత్తివారిని అలా బెదిరించడం ఏ చట్టం కాపాడటానికీ పనికిరాదు.

చదువు సంగతి. ముప్పై మూడు పెద్ద వయసు కాదు, కానీ పాపకు నాలుగేళ్ళు, ఇంట్లో మీ జీతం అవసరం. అందుకని ఈ ఏడాదే ఉద్యోగం మానేసి ఎక్కడో చేరిపోవద్దు. ముందు మీకో సూపర్వైజర్‌ను వెతుక్కోండి. గుంటూరులోనో విజయవాడలోనో అనుభవమున్న క్లినికల్ సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో అడిగి, నెలకు రెండుసార్లు మీ కేసులు పేర్లు లేకుండా చర్చించే ఏర్పాటు చేసుకోండి, ఫీజు ఇచ్చి అయినా సరే. ఒక్క ఏడాది అలా చేస్తే మీకు క్లినికల్ వైపు వెళ్ళాలని ఉందో, పిల్లల కౌన్సెలింగ్‌లోనే ఉండాలని ఉందో తేటతెల్లమవుతుంది. క్లినికల్ అనుకుంటే, కోర్సులో చేరే ముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు, మీరు చేరే విద్యా సంవత్సరం మూడూ చూసుకోండి. అనుమతి సంస్థకూ కోర్సుకూ గడువు పెట్టి ఇస్తారు. పోయిన ఏడు ఉందని కాలేజీవారు చెప్పే మాట మీద డబ్బు కట్టకండి. అంతర్జాతీయ గుర్తింపు అంటూ మూడు నెలల్లో థెరపిస్టును చేస్తామనే ప్రకటనల జోలికి అసలే పోవద్దు.

కౌన్సెలింగ్ వైపే ఉండాలనుకుంటే మీ దారి 2021 కమిషన్ చట్టం. అది అమలులోకి రాకముందు నుంచీ ఈ పనిలో ఉన్నవారికి తాత్కాలిక నమోదు ఇవ్వాలని అందులోనే ఉంది. మీరు 2019 జూన్ నుంచి పనిచేస్తున్నారు కాబట్టి ఆ తేదీ మీకు ఆస్తి. కాలేజీవారు అప్పుడిచ్చిన అపాయింట్‌మెంట్ లెటరు ఎక్కడుందో ఇవాళే వెతకండి. లేకపోతే, ప్రిన్సిపాల్ గారితో ఆ నెలవారీ రిపోర్టు మాట తేలకముందే, చేరిన తేదీ, చేస్తున్న పని రాసిన సర్వీసు సర్టిఫికెట్ తీసుకోండి. జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎం.ఏ. మార్కుల జాబితాలు, ప్రాక్టికల్ రికార్డు, ఏ పేపరుకు ఎన్ని గంటలో చూపే సిలబస్ కాపీ (అది మీ యూనివర్సిటీ డిపార్ట్‌మెంటులో అడిగి ముద్ర వేయించుకోవాలి) ఒక ఫైలులో పెట్టుకోండి. మీ రాష్ట్ర కౌన్సిల్ దరఖాస్తులు పిలిచిన రోజున గడువు తక్కువ ఉంటే ఈ కాగితాల కోసమే పరుగులు పెట్టాల్సి వస్తుంది.